నౌపడకొచ్చిన కచేరీ: పాడేదెవరు, వినేదెవరు?

ముందు నా తప్పు ఒప్పుకుని మొదలుపెడతాను. రెండేళ్ళ కిందట ఫిబ్రవరిలో మా నౌపడలో, బడి ఆవరణలో, ఒక శాస్త్రీయ సంగీత కచేరీ జరిగింది. మారుమూల ఊళ్ళకి మంచి సంగీతం అందించాలని తిరిగే ఒక బృందం ఏర్పాటు చేసింది. వయొలిన్, వీణ, మృదంగం, ముగ్గురే కళాకారులు. సాహిత్యంలో డాక్టరేట్ ఉంది, పైగా ఈ ఊరి పిల్ల అని నన్ను వ్యాఖ్యాతగా పెట్టారు. రాగాల పేర్లు చెప్పడం, మధ్యలో రెండు ముక్కలు మాట్లాడటం నా పని. ముందు రెండు వరుసలు కుర్చీలు, వాటి వెనక పిల్లలకి జంపఖానాలు, ఆ వెనక గోడవార ఆడవాళ్ళు. ఉప్పు మళ్ళలో పనిచేసి, ఇంటికెళ్ళి పొయ్యి వెలిగించి, పిల్లలకి పెట్టి, అప్పుడు వచ్చారు వాళ్ళు. అప్పటికి సగం కచేరీ అయిపోయింది.

వయొలిన్ వాయించే ఆమె ఆనందభైరవి ఎత్తుకుంది. కాసేపటికి గోడవారనుంచి సన్నగా ఒక కూనిరాగం మొదలైంది. ఒక ముసలామె కళ్ళు మూసుకుని ఆ వరసతోపాటు తనూ పాడుకుంటోంది. మాటలు వినబడటంలేదు, వరస మాత్రం వినబడుతోంది. కుర్చీల్లోంచి రెండు తలలు వెనక్కి తిరిగాయి. నేను గబగబా వెళ్ళి, పెదవులమీద వేలు పెట్టుకుని, ఊరుకోమని సైగ చేశాను. ఆమె ఊరుకుంది. కచేరీ అయ్యేదాకా మళ్ళీ నోరు విప్పలేదు.

నా పరిశోధనాంశం తెలుగు స్త్రీల పాటలు. ఇంతకన్నా సిగ్గుచేటు ఏముంటుంది? ఆ రాత్రి నిద్ర పట్టలేదని రాస్తే నాటకంలా ఉంటుంది, నిజానికి బాగానే నిద్రపోయాను. తర్వాత వారం రోజులకి, ఆ బృందంవాళ్ళు తమ నివేదిక కోసం ‘శ్రోతల స్పందన’ రాసిమ్మంటే, కాగితం ముందు కూర్చున్నప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు స్పందించిన ఒకే ఒక శ్రోతని నేనే ఆపేశాను. ఈ వ్యాసం ఆ నివేదికకి బదులుగా రాస్తున్నది.

నౌపడ తెలియనివాళ్ళకి రెండు మాటలు. శ్రీకాకుళం జిల్లాలో, మద్రాసు-హౌరా లైనుమీద జంక్షను. 1900లో పర్లాకిమిడి సంస్థానం వేయించిన చిన్న రైలు ఇక్కణ్ణుంచే బయల్దేరేది. 1931కల్లా గుణుపురం దాకా వెళ్ళింది. 2004లో ఆ చిన్న బండి ఆగిపోయింది, 2011 నాటికి పెద్ద బండై తిరిగి గుణుపురం చేరింది. ఒకపక్క రైలు, ఇంకోపక్క ఉప్పు. దగ్గర్లోని తేలినీలాపురానికి ఏటా శీతాకాలం వలస పక్షులొస్తాయి. ఎక్కడెక్కడినుంచో పక్షులూ, హౌరా నుంచి మెయిలు బళ్ళూ దారి తప్పకుండా వచ్చే ఊరు ‘మారుమూల’ ఎలా అయింది? ఎవరి ఇంటి గుమ్మంలో నిలబడి కొలిస్తే మారుమూల? ఈ ప్రశ్న వేదికమీద ఉన్నప్పుడు నాకు తట్టలేదు. ఆ మాట నేనే మైకులో రెండుసార్లు అన్నాను కూడా.

కొద్దిమంది వాయిస్తే కొద్దిమంది దగ్గరగా కూర్చుని వినే సంగీతాన్ని పాశ్చాత్యులు ఛాంబర్ మ్యూజిక్ అంటారు, అంటే గది సంగీతం. దాన్ని గదిలోంచి బయటికి తెచ్చి దూరాభారపు ఊళ్ళకి చేర్చాలన్న తపన కొత్తది కాదు. 1977లో స్కాట్లండుకి ఉత్తరాన ఆర్క్‌నీ దీవుల్లో సెయింట్ మాగ్నస్ ఉత్సవం మొదలైంది. ముఖ్యుల్లో ఒకరు స్వరకర్త పీటర్ మాక్స్‌వెల్ డేవిస్, ఇంకొకరు ఆ దీవుల్లోనే పుట్టిపెరిగిన కవి జార్జ్ మెకై బ్రౌన్. సరిగ్గా ఆ ఏడాదే మన దేశంలో కిరణ్ సేథ్ స్పిక్ మెకే స్థాపించారు. ఢిల్లీ ఐఐటీలో పాఠాలు చెప్పే ఆయన, న్యూయార్క్‌లో చదువుకునే రోజుల్లో ధ్రుపద్ విని కదిలిపోయి, మన పిల్లలకి మన సంగీతం ఎందుకందదని ఈ పనికి దిగారు. బడుల్లో, కాలేజీల్లో టిక్కెట్టు లేకుండా పెద్ద విద్వాంసుల్ని వినిపించిన ఉద్యమమది. డెబ్భై దాటిన వయసులో, 2022లో, ఆయన కాశ్మీరు నుంచి కన్యాకుమారికి సైకిలు తొక్కుతూ బయల్దేరారు. ఆ నిష్ఠకి నమస్కారం పెట్టవలసిందే. నేనూ కాలేజీ రోజుల్లో అలాంటి ఉచిత కచేరీలవల్లే మొదటిసారి ధ్రుపద్ విన్నాను. కాబట్టి ఇది ఆ ప్రయత్నాలమీద కోపంతో రాస్తున్నది కాదు.

కానీ రెండిటికీ తేడా ఉంది. ఆర్క్‌నీలో డేవిస్ సంగీతం మోసుకొచ్చి, వినిపించి, వెళ్ళిపోలేదు. అక్కడే కాపురమున్నాడు. 1978లో ఆ ఊరి బడిపిల్లలు పాడటానికి ‘ద టూ ఫిడ్లర్స్’ అనే ఒపేరా రాశాడు. ఆ దీవుల్లో యురేనియం తవ్వుతామని వచ్చినప్పుడు 1980 ఉత్సవంలోనే దానికి వ్యతిరేకంగా పాటలూ పియానో సంగీతమూ కట్టి వినిపించాడు. మా ఊరి కచేరీలో కూర్చుని నేను ఆ సంగతే తలుచుకున్నాను. థర్మల్ కేంద్రాలు వద్దని, తంపర నేలలూ బీలలూ తమకి కావాలని పోరాడిన జనంమీద 2010 జూలైలో సోంపేటలో, 2011 ఫిబ్రవరిలో మా పక్కనే కాకరాపల్లిలో పోలీసులు కాల్పులు జరిపారు, ప్రాణాలు పోయాయి. ఆ పోరాటాల్లో ఆడవాళ్ళు ముందు వరుసలో ఉన్నారు. కచేరీలో వాళ్ళు గోడవార ఉన్నారు. కచేరీ దాని గురించి మాట్లాడాలని నేననను, సంగీతం ప్రతిసారీ కరపత్రం కానక్కర్లేదు. వచ్చినవాళ్ళకి ఆ విషయం తెలియకపోవడమే నన్ను బాధపెట్టింది. వాళ్ళ దృష్టిలో మా ఊరు ఖాళీ గిన్నె. పోసి వెళ్ళారు.

గిన్నె ఖాళీ కాదు. ఇంతకీ మన తెలుగునాట గది సంగీతం లేదా? ఉంది, దాని పేరు మేజువాణి. జమీందార్ల ఇళ్ళల్లో, పెళ్ళిళ్ళలో, చావడి అరుగులమీద, కూర్చున్న యాభైమంది కోసం కళావంతుల స్త్రీలు పదాలూ జావళీలూ పాడి అభినయించేవాళ్ళు. ఫిడేలు, మద్దెల, తాళం ఉంటే చాలు. బండి కట్టించుకుని ఎంత లోపలి ఊరికైనా వెళ్ళేవాళ్ళు. క్షేత్రయ్య పదం పండితుల పుస్తకాల్లో కాదు, వాళ్ళ గొంతుల్లో బతికింది. మారుమూలకి శాస్త్రీయ సంగీతం తీసుకెళ్ళిన తొలి సంచార సంగీతకారుల్లో వాళ్ళనీ లెక్కపెట్టాలి. మనం ఎవ్వరం ఆ మాట అనం.

ఎందుకనమో చూడాలంటే విజయనగరం వెళ్ళాలి. గురజాడ ‘కన్యాశుల్కం’ 1892లో మొదటిసారి ప్రదర్శించిందీ, మధురవాణి పుట్టిందీ అక్కడే. నాటకం మొత్తంలో అందరికంటే తెలివైన మనిషి ఆమె. ఆమెలాంటివాళ్ళ మొహం చూడకూడదన్న వ్రతం పట్టినవాడు సౌజన్యారావు పంతులు. 1909 కూర్పు నాటికి యాంటీ నాచ్ ఉద్యమం ఊపుమీదుంది. గురజాడ ఆ ఇద్దర్నీ ఎదురెదురుగా నిలబెట్టి ఆ వ్రతాన్ని ఇరకాటంలో పెట్టాడు. కానీ బయట ప్రపంచంలో పంతులుగారే నెగ్గారు. 1947 మద్రాసు దేవదాసీ చట్టంతో ఆలయాలకి అంకితమివ్వడమే కాదు, ఆలయాల్లో, దేవుడి ఊరేగింపుల్లో ఆడవాళ్ళు ఆడటం కూడా నేరమైంది. ఆ బతుకుల్లో బలవంతం లేదనీ, దోపిడీ లేదనీ నేననను. చిన్నపిల్లల్ని ఆ రొంపిలోంచి తప్పించినందుకు సంస్కర్తలకి రుణపడే ఉండాలి. నా అభ్యంతరం వేరు. వృత్తిని తీసేసినవాళ్ళు విద్యని ఏంచేశారు? అదే విద్యని కడిగి, మడికట్టి, కుటుంబ స్త్రీలకి నేర్పి సభల్లో కూర్చోబెట్టారు. పాత గొంతుల్ని గుమ్మం బయటే వదిలేశారు. ముద్దుపళని ‘రాధికా సాంత్వనం’ని 1910లో మళ్ళీ అచ్చువేయించిన బెంగుళూరు నాగరత్నమ్మ, తిరువయ్యారులో త్యాగయ్య సమాధికి గుడి కట్టించింది. ఆ ఆరాధనలోనే ఆడవాళ్ళకి పాడే హక్కు లేకపోతే, పట్టుబట్టి వేరే ఆరాధన నడిపించింది. డబ్బిచ్చిన చేతికి పాట పాడే హక్కు లేదు! ఈ కథ మనందరికీ తెలిసిందే. తెలిసీ, శాస్త్రీయ కచేరీలో కూర్చున్నప్పుడు ఆ నిశ్శబ్దం ఎవరిదని అడగడం మర్చిపోతాం. ఆ రాత్రి నా పెదవులమీదున్న వేలు సభామర్యాద నేర్పిన వేలు. ఆ మర్యాద ఎవర్ని తప్పించి నిలబడిందో నేను క్లాసులో పాఠం చెబుతాను.

విజయనగరంలోనే 1919లో మహారాజా సంగీత పాఠశాల పెట్టారు. మొదటి అధ్యక్షుడు ఆదిభట్ల నారాయణదాసు. తర్వాత 1936లో ద్వారం వెంకటస్వామినాయుడు. ఘంటసాల మధూకరం ఎత్తుకుని చదువుకున్నది అక్కడే, పి. సుశీల చదువుకున్నదీ అక్కడే. మా అమ్మకీ అక్కడ చదవాలని ఉండేది. ఆడపిల్లని పాట నేర్చుకోవడానికి విజయనగరం పంపడమా, భోగం మేళం అనుకుంటారు అన్నారట తాతయ్య. చూశారా, చట్టం వచ్చి ముప్ఫై ఏళ్ళు దాటినా ఆ భయం ఎంత పదునుగా ఉందో! కళావంతుల స్త్రీకి వేసిన మచ్చ మా అమ్మ గొంతుమీద కూడా పడింది. ఒకరి పాటని అవమానిస్తే ఇంకొకరి పాట క్షేమంగా ఉంటుందనుకోవడం భ్రమ.

మా అమ్మని ఆదుకున్నది రేడియో. పొద్దున్నే భక్తిరంజని, తర్వాత విజయవాడ కేంద్రం సంగీత శిక్షణ పాఠాలు. గరగరల మధ్య వినబడినంత వినబడేది. రెండు వందల పేజీల నోటుబుక్కులో స్వరాలు రాసుకునేది. విజయనగరం దగ్గర పుష్పగిరిలో 1939లో పుట్టిన శ్రీరంగం గోపాలరత్నం గొంతంటే ఆమెకి ప్రాణం, మా పక్కావిడే అన్నట్టు మాట్లాడేది. నాకనిపిస్తుంది, దూరపు ఊళ్ళకి సంగీతం చేర్చిన పనుల్లో రేడియోకి ఉన్న మర్యాద వేదికకి లేదు. కుర్చీలు లేవు, ముందు వరుస లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. పప్పు రుబ్బుతూ కూడా వినొచ్చు. గొంతు కలిపితే ఊరుకోమనేవాళ్ళు లేరు.

అంతకుముందు ఈ ప్రాంతంలో ఆ పని హరికథ చేసింది. బొబ్బిలి దగ్గరి అజ్జాడలో 1864లో పుట్టిన నారాయణదాసు కాలికి గజ్జె కట్టి, చేత చిడతలు పట్టి, ఊరూరా కథ చెప్పాడు. ఒక్క రాత్రిలో కాంభోజీ ఉంటుంది, పల్లెపదం ఉంటుంది, పిట్టకథ ఉంటుంది. పిల్లాడు ఏడిస్తే తల్లి లేచి వెళ్ళి మళ్ళీ వచ్చి కూర్చోవచ్చు. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది కానీ కాదు. రెండు గంటలు కదలకుండా కూర్చోగలగడం ఎవరికి వీలవుతుంది? ఇంట్లో ఇంకొకరు వండిపెట్టేవాళ్ళకి. చెప్పేవాళ్ళలో మాత్రం చాలాకాలం మగవాళ్ళదే పెత్తనం. తూర్పు గోదావరి కపిలేశ్వరపురంలో 1970లలో పెట్టిన సర్వారాయ హరికథా పాఠశాల ఎందరో ఆడపిల్లలకి వసతి ఇచ్చి, విద్య నేర్పి భాగవతారిణుల్ని చేసింది. అక్కడ చదువుకున్న ఉమామహేశ్వరికి 2024లో పద్మశ్రీ వచ్చింది. సంగీతాన్ని ఊళ్ళకి పంపడం కాక, ఊళ్ళ ఆడపిల్లల చేతికే ఇచ్చారు. ఆ తేడా నాకు ముఖ్యం.

ఇక ఇటీవలి ప్రయత్నం ఒకటి. 2015లో చెన్నై బెసెంట్ నగర్ పక్కనున్న మత్స్యకారుల పేటలో ఊరూర్ ఆల్కాట్ కుప్పం విళా మొదలైంది. గాయకుడు టి.ఎం. కృష్ణ, పర్యావరణ కార్యకర్త నిత్యానంద్ జయరామన్ పూనుకున్నారు. కర్ణాటక సంగీతం, పఱై ఆట, భరతనాట్యం, విల్లుపాట అన్నీ ఒకే వేదికమీద. సభల్లోని కులం గురించి సభల మనిషే మాట్లాడటం సామాన్యమైన విషయం కాదు. దాన్ని మెచ్చుకుంటూనే ఒకటి అడగాలి. మన ఉత్తరాంధ్రలో ఇలాంటిదే చేద్దాం అని ఎవరైనా అంటే వెంటనే పిలిచేది ఎవర్ని? తప్పెటగుళ్ళ దళాన్ని, జముకుల కథ బృందాన్ని. రెండూ గొప్ప కళలే. రెండూ ప్రధానంగా మగవాళ్ళవే. వేదిక ఎక్కడానికి వీలైన జానపదమంతా దాదాపు మగవాళ్ళదే. ఆడవాళ్ళ పాటకి బృందం పేరుండదు, వేషముండదు, బయానా ఉండదు. అది నాట్లలో ఉంటుంది, తిరగలి దగ్గర ఉంటుంది, పురిటి గదిలో ఉంటుంది. వెల్చేరు నారాయణరావు 1991లో అచ్చయిన వ్యాసంలో స్త్రీల రామాయణ పాటల్ని చర్చిస్తూ, ఇంట్లో కూర్చుని పాడే అగ్రవర్ణ స్త్రీల పాటలకీ, పనిలో పాడే శ్రామిక కులాల స్త్రీల పాటలకీ తేడా చూపించారు. నేను దాన్ని పది చోట్ల ఉటంకించాను. ఆ రెండో రకం పాట నా ఎదురుగా గోడకి ఆనుకుని నిలబడితే గుర్తుపట్టలేకపోయాను.

శాస్త్రీయ సంగీతం మనకెందుకు, అది బ్రాహ్మణ సంగీతం అని తోసేసే మిత్రులున్నారు. ఉప్పు మడిలో పనిచేసే ఆమె మనవరాలికి వయొలిన్ అక్కర్లేదని మనమెవరం నిర్ణయించడానికి? ఆ రోజు ఆ గుంట వయొలిన్ కమాను ముట్టుకుని చూసి, వేళ్ళకంటిన రాజనం వాసన చూసుకుంది. దానికది కావాలి. కావలసినవాళ్ళకి అందాలి. కాకపోతే ఇవ్వడానికి వచ్చినవాళ్ళు పుచ్చుకోవడం కూడా నేర్చుకుని రావాలి.

అలా వెళ్ళినాయన ఒకరు మా వైపే ఉన్నారు. చిన్న రైలు ఇంకా రాకముందే, పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ, గిడుగు రామమూర్తి సవరల భాష నేర్చుకోవడం మొదలుపెట్టారు. వాళ్ళకి చదువు చెప్పాలంటే ముందు వాళ్ళ మాట వినాలనుకున్నారు. పాటలు, కథలు రాసుకున్నారు, వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. ఆ కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకుని, దానికి వాడిన క్వినైను వల్ల చెవుడొచ్చింది. వినడానికి వెళ్ళి వినికిడి పోగొట్టుకున్న మనిషి. వాడుక భాషలో ఈ నాలుగు ముక్కలు రాసుకోగలుగుతున్నామంటే ఆ చెవుల చలవే.

పోయిన వేసవిలో ఆ ముసలామెని వెతుక్కుంటూ వెళ్ళాను. గుర్తుపట్టింది. క్షమించమన్నాను. దేనికో ఆమెకి అర్థం కాలేదు. ఆ పాట ఒకసారి పాడతావా మామ్మా అంటే నవ్వింది.

“అప్పుడు ఊరుకోమన్నావు, ఇప్పుడు పాడమంతన్నావు. ఏటి పాపా నీ కత?”

ఫోనులో రికార్డు చేసుకుంటానంటే ఒప్పుకోలేదు. పని చేస్తే పాట వస్తుంది కానీ ఊరికే కూర్చుంటే పాటేటొస్తాదంది. అది అప్పగింతల పాటట. కూతురికి పాడింది, కూతురి కూతురికి పాడింది. “నా పాట ఆ ఫిడేలమ్మకి ఎలాగ తెలిసిందో!” అని అదే ఆశ్చర్యం ఆమెకి. జానపద వరసల్లోంచి శాస్త్రీయంలోకి నడిచొచ్చిన రాగాల్లో ఆనందభైరవిని చెబుతారని నేను వివరించబోయి ఊరుకున్నాను. ఆ కచేరీని ఆమె ఎలా అర్థం చేసుకుందో నా వ్యాఖ్యానం కంటే అది బాగుంది: ఎక్కడినుంచో ఒకావిడ వచ్చి తన పాట వాయించింది, తను అందుకుంది, అంతే.

చివరికి మా ఇంటికే వచ్చింది, అమ్మ చింతపండు పిక్కలు తీస్తుంటే సాయం పట్టడానికి. గుమ్మం దగ్గరే కూర్చుంది, లోపలికి రమ్మంటే రాలేదు. అమ్మ చాప తీసుకెళ్ళి గుమ్మంలోనే పరుచుకుని ఎదురుగా కూర్చుంది. పిక్కలు తీస్తూ తీస్తూ ఎప్పుడు మొదలుపెట్టిందో పాట మొదలుపెట్టింది. అమ్మ చేతులు తుడుచుకుని లేచి, ఆ పాత రేడియో పాఠాల నోటుబుక్కు తెచ్చి, మిగిలిన ఖాళీ పేజీలో స్వరాలు రాయడం మొదలెట్టింది. మొదటి పాదం బాగానే వచ్చింది. రెండో పాదం చివర ఒక జారు ఉంది, అది ఎంతకీ లొంగలేదు. నేనూ ప్రయత్నించి తప్పు పాడాను, ఇద్దరూ నవ్వారు.

“ఇంకొక్కసారి పాడు మామ్మా,” అంది అమ్మ.

“ఇప్పుడు కాదమ్మా. పొద్దోయింది, గుంటలకి కూడొండాల. రేపొస్తాను.”

అమ్మ ఆ జారు దగ్గర రెండు వేళ్ళ మందం చోటు ఖాళీగా వదిలి, నోటుబుక్కు మూసింది.